బల్లలు జరిపితే చాలదు

2025లో కేరళలో కొన్ని బడులు వెనక బెంచీ అనేదే లేకుండా చేశాయి. ఒక మలయాళ సినిమా చూశాక వచ్చిన ఆలోచన అది. బల్లలను మూడు గోడల వెంట జరిపి, మధ్యలో ఖాళీ వదిలి, పిల్లలందరినీ ఒకే వరుసలో కూర్చోబెట్టారు. కొద్ది రోజులకే తమిళనాడు విద్యాశాఖ కూడా ఆ పద్ధతి గురించి తన బడులకు చెప్పింది. ఆ వెంటనే మన ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు మొదలయ్యాయి. పిల్లలకు మెడ నొప్పి వస్తుందని కొందరు, గది చాలదని కొందరు వాదించారు. నాకు తట్టిన అభ్యంతరం వేరు. నేను చూసిన దాదాపు ప్రతి ఫొటోలోనూ ఆ ఖాళీ మధ్యలో టీచరే నిలబడి ఉన్నారు. నోరు తెరిచి ఉన్నదీ టీచరే.

నేను తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. వారంలో ఒక పీరియడు చర్చా వలయానికి, అంటే పిల్లలు గుండ్రంగా కూర్చుని తమలో తాము మాట్లాడుకోవడానికి, కేటాయించడం నాకు చాలాకాలంగా అలవాటు. అది పిల్లలకు మేలు చేస్తుందని గట్టిగా నమ్ముతాను కనుకనే, ఇప్పుడు దాని పేరిట జరుగుతున్న ఫొటోల హడావుడి చూస్తే చిరాకు కలుగుతోంది. గదిలో మాట ఎవరి నుంచి ఎవరికి వెళుతోందో అది మారనంత కాలం బల్లలు ఎలా వేసినా ఒకటే.

బీఎడ్ చదివిన వాళ్లకు ఫ్లాండర్స్ పేరు గుర్తుండే ఉంటుంది, పరీక్షలో రాశాం కదా. నెడ్ ఫ్లాండర్స్ అనే అమెరికన్ పరిశోధకుడు తరగతి గదిలోని మాటలను 10 రకాలుగా విడదీశాడు. పరిశీలకుడు ఒక మూల కూర్చుని ప్రతి 3 సెకన్లకు, అప్పుడు వినబడే మాట ఏ రకమో ఆ రకం అంకె వేసుకుంటూ పోవాలి. టీచరు మాటలకు 7 అంకెలు, పిల్లల మాటలకు 2, మిగిలిన ఒక్కటి నిశ్శబ్దానికీ గందరగోళానికీ కలిపి. ఆ పంపకం చూస్తేనే గదిలో ఎవరి రాజ్యం నడుస్తోందో తెలుస్తుంది. తరగతి సమయంలో మూడింట రెండు వంతులు ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉంటారని, అందులో మళ్లీ మూడింట రెండు వంతులు టీచరే మాట్లాడతారని ఆయన తేల్చాడు. మన బడుల్లో కూర్చుని ఎవరైనా అంకెలు వేస్తే టీచరు వాటా ఇంతకంటే తక్కువ వస్తుందని నేననుకోను. ఈ పాఠాన్ని మాకు బీఎడ్‌లో ఎలా చెప్పారంటే, గంటసేపు నోట్సు చదువుతూ పోయారు, మేము రాసుకుంటూ పోయాం.

టీచరు వాటా ఎంత అన్న దానికంటే, మాట ప్రతిసారీ టీచరు మీదుగానే పోవడం నాకు పెద్ద సమస్యగా కనిపిస్తుంది. టీచరు అడుగుతారు, ముందు బెంచీ అమ్మాయి చెబుతుంది, "గుడ్, కూర్చో" అంటారు, ఇంకో ప్రశ్న వేస్తారు. ఆ అమ్మాయి చెప్పింది సరైనదో కాదో పక్కన ఉన్న పిల్లవాడు ఆలోచించవలసిన అవసరమే ఉండదు. తీర్పు పైనుంచి వచ్చేస్తుంది. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలోనే ఒక సంగతి బయటపెట్టింది. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారట. దాన్ని 3 సెకన్లు చేస్తే చాలు, పిల్లల జవాబులు పొడవు పెరిగాయి, అంతవరకు నోరు విప్పని వాళ్లు మాట్లాడారు. చదివినప్పుడు 3 సెకన్లు ఏపాటి అనిపిస్తుంది. 40 మంది కళ్లు మన మీద ఉండగా నోరు కట్టుకుని నిలబడితే దాని పొడవు తెలుస్తుంది.

మీ తరగతిలో జరిగేది చర్చ అవునో కాదో తెలుసుకోవడానికి తేలికైన ఉపాయం ఒకటి ఉంది. ఒక కాగితం మీద గుండ్రంగా అందరి పేర్లూ రాసి, మీ పేరు మధ్యలో పెట్టి, ఆ కాగితాన్ని ఒక విద్యార్థి చేతికివ్వండి. ఎవరి తర్వాత ఎవరు మాట్లాడితే వాళ్ల పేర్ల మధ్య గీత గీస్తూ పోవాలి. పీరియడు చివర చూసుకుంటే, గీతలన్నీ ఎడ్లబండి చక్రం ఆకుల్లా నడిమికే చేరి ఉంటే, అక్కడ జరిగింది ప్రశ్న-జవాబుల కార్యక్రమమే. పిల్లల పేర్ల మధ్య అడ్డదిడ్డంగా గీతలు పడి ఉంటే ఏదో జరిగినట్టు. ఈ గీతల లెక్క పిల్లలకు మహా ఇష్టం. ఎవరి పేరుకు ఒక్క గీతా తగల్లేదో వాళ్లే ముందు కనిపెడతారు.

గీతలు అడ్డంగా పడాలంటే కావలసింది ప్రశ్న. మా పదో తరగతి సాంఘిక శాస్త్రంలో వలసల మీద ఒక పాఠం ఉంది. "వలసలకు కారణాలు ఏమిటి?" అని వలయంలో అడిగితే ఏమవుతుంది? గైడులో అంకెలు వేసి ఇచ్చిన పాయింట్లను ఒక్కొక్కరు ఒక్కొక్కటి అప్పజెబుతారు. ఆరో పాయింటు దగ్గర అందరూ ఆగిపోతారు, ఎందుకంటే గైడు కూడా అక్కడే ఆగిపోయింది. మా ఊరి చుట్టుపక్కల సగం ఇళ్ల నుంచి ఎవరో ఒకరు ముంబైకో పుణెకో పనికి వెళ్లిన వాళ్లే. దేశంలో ఆనకట్టలు, కాలువలు కట్టిన పాలమూరు కూలీల మనవలూ మనవరాళ్లూ నా ముందు కూర్చుని ఉంటారు. వాళ్లను వలసలకు కారణాలు చెప్పమని అడగడమూ, దానికి జవాబు గైడులోంచి వినడమూ ఎంత విడ్డూరం!

అందుకని ప్రశ్న మార్చాను. "పనికి వెళ్లినవాళ్లు ఇంటికి పంపే డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో ఎవరు నిర్ణయిస్తారు?" దీనికి జవాబు ఏ గైడులోనూ లేదు. నా దగ్గరా లేదు. మొదట నానమ్మ అన్నారు, తాత అన్నారు. ఒక అమ్మాయి, "డబ్బు పడేది అన్న ఫోన్‌లో టీచర్, అందుకని నానమ్మ అన్నను అడిగి తీసుకోవాలి" అంది. అప్పటివరకు ఇంటి పెద్ద అంటే వయసు అనుకున్న వాళ్లంతా ఒక్కసారిగా ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందన్న దాని మీద పడ్డారు. ఆ గోల సద్దుమణుగుతుండగా, ఎప్పుడూ హాజరు పలకడానికి తప్ప నోరెత్తని ఒక అబ్బాయి అన్నాడు: "మాకు డబ్బు రాదు. గుంపు మేస్త్రీ దగ్గర ముందే తీసుకున్నాం." గుంపు మేస్త్రీ అంటే కూలీలను జట్టుగా పనికి తీసుకెళ్లేవాడు. అడ్వాన్సు అంటే ఏమిటి, అది తీరేదాకా పని వదిలి రావడానికి ఎందుకు వీలుండదు, లెక్క ఎవరి పుస్తకంలో ఉంటుంది, అన్నీ అతడే చెప్పాడు. మిగతా పిల్లలు అడుగుతూ పోయారు, నన్ను కాదు, అతణ్ణి. ఆర్థిక శాస్త్రంలో అప్పుకూ కూలికీ ఉన్న ముడి గురించి నేను నెల రోజులు చెప్పినా అంత చెప్పలేను.

ఆ రోజు నుంచి ఆ అబ్బాయి తరగతిలో దూసుకుపోయాడని రాస్తే బాగుంటుంది కానీ అలాంటిదేమీ జరగలేదు. మార్కులు అవే. మారింది చుట్టూ ఉన్నవాళ్ల చూపు. తరగతి అంతా వెనకబడిన వాడిగా లెక్కగట్టిన పిల్లవాడికి ఒక విషయం అందరికంటే బాగా తెలుసని వాళ్లు చూశారు. నాలుగు రోజుల తర్వాత పటం గీసే పనిలో ఎవరూ చెప్పకుండానే అతణ్ణి ఒక జట్టులోకి చేర్చుకున్నారు. తరగతి ఒక సమూహంగా మారడం అంటే పెద్ద పెద్ద మాటలు చెబుతుంటారు. నేను కళ్లారా చూసింది ఇంతవరకే, ఇది నాకు తక్కువగా తోచదు.

శిక్షణ తరగతుల్లో చర్చా వలయం మాట ఎత్తితే చాలు, "ఇది మనకు కొత్తేమీ కాదు, మన రచ్చబండ ఇదే కదా" అనే పెద్దమనిషి ఒకరు తప్పక ఉంటారు. అది నేను ఒప్పుకోను. రచ్చబండ మీద ఎవరు కూర్చున్నారు, ఎవరు దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డారు, ఆడవాళ్లు ఆ దారిన పోయేటప్పుడు తల ఎందుకు వంచుకున్నారు? గుండ్రంగా కూర్చున్నంత మాత్రాన సమానులైపోరు. చిన్నప్పుడు అంబేద్కర్ ఇంటి నుంచి గోనె పట్టా తెచ్చుకుని తరగతిలో విడిగా కూర్చోవలసి వచ్చింది. మన దేశంలో కూర్చునే చోటు ఎప్పుడూ వట్టి చోటు కాదు. ఇప్పుడు ఎవరూ గోనె పట్టా తెమ్మనరు. కానీ పిల్లలను ఇష్టం వచ్చిన చోట కూర్చోమని వదిలితే సంక్షేమ వసతి గృహాల పిల్లలు ఒక పక్కకు, ఊళ్లోంచి వచ్చేవాళ్లు మరో పక్కకు దానంతటదే సర్దుకుంటారు. అమ్మాయిలు ఒక సగం, అబ్బాయిలు ఒక సగం. వలయంలో రెండు చోట్ల మనిషి పట్టేంత ఖాళీ. ఆ రెండు సగాల మధ్య మాట కూడా దాటదు.

దీనికి కొందరు టీచర్లు ఒక అమ్మాయి, ఒక అబ్బాయి చొప్పున బలవంతంగా కూర్చోబెడతారు. నేను ఆ పని చేయను. పదిహేనేళ్ల అమ్మాయికి ఆ గంటసేపు ఒళ్లు దగ్గర పెట్టుకోవడంతోనే సరిపోతుంది, మాట్లాడే ధ్యాస ఎక్కడిది? అంకెల చీటీలు తీయించి చిన్న జట్లు చేసి, ఆ జట్లనే పక్కపక్కన కూర్చోబెడితే హాస్టలు, ఊరు అనే గీత ముందు చెరుగుతుంది. ఆడ, మగ ఖాళీ నెమ్మదిగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. పోకపోయినా పర్వాలేదు.

మన చరిత్రలో వలయానికి మంచి ఉదాహరణ కావాలంటే రచ్చబండ దగ్గరికి కాదు, నెల్లూరు జిల్లా దూబగుంటకు వెళ్లాలి. 1990ల మొదట్లో ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా కూలి పని చేసుకున్న ఆడవాళ్లు రాత్రిపూట లాంతరు చుట్టూ కూర్చుని చదువుకునేవారు. వాళ్ల వాచకాల్లో సారాకు బలైన సంసారం కథ ఉంది, ఊరి ఆడవాళ్లంతా ఏకమై సారా దుకాణం మూయించిన కథ ఉంది. ఆ పాఠాలు చదివి, అక్షరాలు దిద్ది, పుస్తకం మూసి ఊరుకోలేదు వాళ్లు. మన ఊళ్లో సంగతేమిటని ఒకరినొకరు అడిగారు. దూబగుంట రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లారు. 1992లో ఊరి నుంచి ఊరికి అది పాకి రాష్ట్రమంతా కదిలింది. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. ఆ మద్య నిషేధం ఎక్కువ కాలం నిలవలేదన్నది వేరే కథ. ఒక వాచకంలోని పాఠం ఒక రాష్ట్రాన్ని కదిపిందంటే మధ్యలో జరిగింది చర్చే. ఇప్పటి మా పిల్లల తల్లులు కూడా పొదుపు సంఘాల్లో చాపలు పరుచుకుని గుండ్రంగా కూర్చునే అప్పులు, వాయిదాలు, తగాదాలు తేల్చుకుంటున్నారు. ఎవరు ఎంత కట్టారో అందరి ముందూ చదువుతారు. నిరక్షరాస్యులనిపించుకున్న తల్లులకు చేతనైన పని పదో తరగతి పిల్లలకు చేతకాదనడం నాకు అర్థం కాదు.

ఇక 50 మందితో ఎలా అనే ప్రశ్న. ఇది న్యాయమైనదే. ప్రపంచంలో ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చిన ఎక్సెటర్ అకాడమీ అనే బడి అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో ఉంది. 1930లో ఎడ్వర్డ్ హార్క్‌నెస్ అనే ధనవంతుడు ఇచ్చిన విరాళంతో అక్కడ ప్రతి తరగతిలో కోలగా ఉండే పెద్ద బల్ల ఒకటి వేసి, దాని చుట్టూ 12 మందిని మాత్రమే కూర్చోబెట్టారు. మనకు ఆ బల్లా రాదు, ఆ 12 మందీ రారు. మన రెండు సీట్ల బెంచీలు జరపాలంటేనే పీరియడులో పావు వంతు పోతుంది. అందుకే నేను గదిలో ప్రయత్నించను. ప్రార్థన జరిగే చోట చెట్టు నీడ ఉంది, వానాకాలమైతే వరండా. రెండు వలయాలు వేస్తాం. లోపల పదిహేను మంది మాట్లాడతారు. బయట కూర్చున్న ప్రతి ఒక్కరికీ లోపలి వలయంలో ఒకరిని అప్పగిస్తాం. తన మనిషి ఏమన్నాడు, ఎవరి మాటకు బదులిచ్చాడు, ఎవరి మాటకు అడ్డు తగిలాడు అన్నది రాసుకోవాలి. సగం పీరియడు అయ్యాక లోపలివాళ్లు కొందరు బయటికి, బయటివాళ్లు లోపలికి. చేతిలో ఒక వస్తువు ఉన్నవాళ్లే మాట్లాడాలన్నది ఉత్తర అమెరికా ఆదివాసుల నుంచి వచ్చిన పద్ధతి. మేము డస్టర్ వాడతాం. బెత్తం మాత్రం వద్దు, అది చేతికి వస్తే పిల్లలు టీచర్లలా మాట్లాడటం మొదలుపెడతారు. డస్టర్ చేతికొచ్చినా ఏమీ చెప్పకుండా పక్కవాళ్లకు ఇచ్చేయవచ్చు. ఈ వెసులుబాటు ఇచ్చాకే మాట్లాడేవాళ్లు పెరిగారు.

సిలబస్ పూర్తి కావద్దా అంటారు. వారానికి ఒక్క పీరియడుతో మునిగిపోయే సిలబస్ అయితే అది ముందే మునిగి ఉంది. పైగా ఇది సిలబస్‌కు బయటిదీ కాదు. మన పాఠ్యపుస్తకాల్లో "ఆలోచించి మాట్లాడడం" అన్న శీర్షిక ఏళ్లుగా ఉంది. పిల్లల భాగస్వామ్యానికి, ప్రతిస్పందనలకు మూల్యాంకనంలో మార్కులూ ఉన్నాయి. పిల్లవాడు భయం లేకుండా తన అభిప్రాయం చెప్పగలగాలని విద్యా హక్కు చట్టం 29వ సెక్షన్ అంటోంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. ఆ మార్కులు స్టాఫ్ రూములో టీ తాగుతూ వేసేస్తారన్నది వేరే సంగతి. అన్ని పాఠాలకూ ఇది పనికొస్తుందని కూడా నేను చెప్పడం లేదు. అక్షాంశాలు, రేఖాంశాల మీద చర్చేమిటి? అది నల్లబల్ల దగ్గర నిలబడి చెప్పవలసిందే.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాధ్యమం. తెలంగాణలో 2022-23 నుంచి 1 నుంచి 8 తరగతులకు ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం మొదలైంది. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్న ద్విభాషా పుస్తకాలు ఇచ్చారు. ఇంగ్లీషు వద్దని నేను అనను, మా పిల్లల తల్లిదండ్రులు కావాలనే అంటున్నారు. కానీ చర్చ కూడా ఇంగ్లీషులోనే జరగాలని పట్టుబట్టే వాళ్లను చూస్తే జాలి కలుగుతుంది. గుంపు మేస్త్రీ మాట ఆ అబ్బాయి ఇంగ్లీషులో చెప్పవలసి వస్తే అసలు చెప్పేవాడే కాదు. ప్రైవేటు బడిలో చదివి వచ్చిన నలుగురు మాట్లాడతారు, మిగిలిన వాళ్లు వాళ్ల ఉచ్చారణ వింటూ కూర్చుంటారు. మేము తెలుగులో మాట్లాడుకుని, చివర అందులోంచి మూడు వాక్యాలు ఇంగ్లీషులో రాస్తాం. లంబాడీ తండాల పిల్లలు మొదట తమలో తాము తమ భాషలో అనుకుని తర్వాత తెలుగులోకి తెస్తారు. ఆలస్యమవుతుంది, కానీయండి.

ఒక ప్రమాదం గురించి మాత్రం హెచ్చరించాలి. వలయం మొదట్లో కొందరు ఉత్సాహంగా, "ఇక్కడ అనుకున్నది బయటికి పోదు" అని పిల్లలకు మాట ఇచ్చేస్తారు. ఆ మాట ఇవ్వకూడదు. పిల్లలపై లైంగిక వేధింపుల విషయం తెలిసిన ఎవరైనా దాన్ని పోలీసులకు తెలియజేయాలని 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. టీచరు దానికి అతీతులు కారు. అందుకే, "ఒకరి సంగతి ఇంకొకరు బయట చెప్పుకోవద్దు, కానీ ఎవరికైనా ప్రమాదం ఉందని తెలిస్తే నేను ఊరుకోలేను" అని ముందే చెబుతాను. పిల్లల సహాయవాణి 1098 నంబరు గోడ మీద రాసి ఉంటుంది. తాగి కొట్టే తండ్రి గురించి వలయంలో చెప్పమని ఎవరినీ అడగను. పిల్లలు తమంతట తాము అటు వెళితే మాటను అక్కడితో మెల్లగా ఆపి, తర్వాత విడిగా కూర్చుంటాను. ఇంటి గాయాలు విప్పించి అందరినీ ఏడిపించడమే గొప్ప చర్చ అనుకునే పోకడ ఒకటి బయలుదేరింది. అది నాకు సుతరామూ నచ్చదు.

ఇప్పుడు ప్రశ్నలు నేను ఇవ్వడం తగ్గించాను. సుద్దముక్కల పెట్టె ఒకటి ఖాళీ చేసి పెట్టాం, అందులో పిల్లలు పేరు లేకుండా చీటీలు వేస్తారు. వాటిలో కొన్ని కొంటె ప్రశ్నలు, కొన్ని సినిమా ప్రశ్నలు ఉంటాయి. ఒక చీటీలో ఇలా ఉంది: "టీచర్లు వాళ్ల పిల్లలను మన బడిలో ఎందుకు చేర్పించరు?" మా అబ్బాయి మండల కేంద్రంలో ఒక ప్రైవేటు బడిలో చదువుతున్నాడు. ఆ సంగతి వాళ్లకు తెలుసు. చీటీ పైకి చదివి డస్టర్ పక్కవాళ్లకు ఇచ్చాను. ఇంగ్లీషు కోసం అన్నారు, బస్సు ఉంటుంది కనుక అన్నారు. మాతో కూర్చోవడం ఇష్టం లేక అని ఒకరన్నారు, కాదని ఇద్దరు వాదించారు. నా వంతు వచ్చినప్పుడు నా కారణాలు నేను చెప్పాను. అవి వాళ్లకు అంతగా ఆనలేదు. చివర్లో ఒక అమ్మాయి డస్టర్ తీసుకుని, "మీ అబ్బాయి ఇక్కడే చదివి ఉంటే మాకు ఈపాటికి లెక్కల టీచరు వచ్చేవారు" అంది. ఆ ఏడాది మా బడిలో లెక్కల పోస్టు జూన్ నుంచీ ఖాళీగానే ఉంది.